కుక్కే, అంది అమ్మ

ఆ పిల్లకి బడి హాజరుపట్టీలో పేరొకటుంది గానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూతపడేది కాదు. చూసి చూసి మేనమామ "ఇది వసపిట్టరా బాబూ" అన్నాడు. అది అరిగి అరిగి పిట్ట అయింది. పదమూడేళ్ళొచ్చినా పిట్టే.

పిట్ట వాళ్ళమ్మకి డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే పెద్ద హంగేమీ లేదు. ఇంటి ముందు గది, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట ఒక తెల్ల కారు. ఆ కారులో నేర్పేవాళ్ళ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడనప్పుడు అమ్మ అటునుంచి ఆపేస్తుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. "మేడమ్ పక్కనుంటే ఎంత భయమైనా ఎగిరిపోతుంది" అనేవాళ్ళు. మొదటిరోజు అందరికీ అమ్మ ఒకటే మాట చెప్పేది. "నడపడం ఎవరైనా నేర్పుతారు. మీరు నా దగ్గర ఆపడం నేర్చుకోండి." పిట్ట వెనకసీట్లో కూర్చుని ఆ మాటని అమ్మ గొంతుతోనే అనేసేది. నేర్చుకునేవాళ్ళు నవ్వేసి, ఆ నవ్వులో ఇంజన్ ఆపేసుకునేవాళ్ళు.

నాన్న వేరే ఊళ్ళో వేరే పెళ్ళి చేసుకుని ఉంటున్నాడు. ఒకసారి సెలవులకి పంపితే పిట్ట రెండోరోజే జ్వరం తెచ్చుకుని వచ్చేసింది. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇంట్లో ఇద్దరే. అమ్మకి కూతురు, కూతురికి అమ్మ. దగ్గర్లోనే మామయ్య కార్లకి సొట్టలు తీసి రంగులేసే షెడ్డు ఉంది.

ఊరవతల ఇళ్ళు లేవకముందే రోడ్లు వేసి వదిలేసిన చోటొకటుంది. ఆఖరి పాఠం అయిపోయాక అమ్మ అప్పుడప్పుడూ కారు అక్కడ ఆపి, "రా, ఇటు కూర్చో" అనేది. పిట్టకి స్టీరింగు ఇచ్చేది. పిట్ట కాళ్ళు పెడల్స్‌కి బాగానే అందేవి. మెల్లగా ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగి ఈ చివరికి రావడం. అంతే. అది వాళ్ళిద్దరి రహస్యం.

ఆ సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. చీకటి పడలేదు గానీ వెలుగూ లేదు. వీధి దీపాలు ఇంకా వెయ్యలేదు. పిట్ట స్టీరింగు పట్టుకుని కబుర్లు చెబుతోంది. లెక్కల మేడమ్ బోర్డు వైపు తిరిగి ఆవలిస్తుందట, వెనకనుంచి చెవులు కదలడం చూస్తే తెలిసిపోతుందట. అమ్మ "ఊఁ" అంటోంది. అమ్మ ఫోను మోగింది. మర్నాడు లైసెన్సు పరీక్షకి వెళ్ళాల్సిన ఆవిడెవరో మెసేజి మీద మెసేజి పెడుతోంది. అమ్మ తల దించి జవాబు కొడుతోంది.

"వింటున్నావా అమ్మా?"

"ఊఁ."

వినడం లేదని పిట్టకి తెలిసిపోయింది. మూతి ముడుచుకుని అమ్మ వైపు తిరిగింది. ఫోను వెలుగు అమ్మ చెంప మీద నీలంగా పడి ఉంది.

అప్పుడే ధబ్‌మని చప్పుడైంది. ఆ వెంటనే, ఎవరో ఇనపసామాను పెట్టె రోడ్డు మీద బోర్లించినట్టు, ఖణేల్ ఖణేల్‌మంటూ ఏవో దొర్లిపోయాయి.

అమ్మ తన బ్రేకు తొక్కేసింది. కారు జారి, పక్కకి తిరిగి ఆగింది. పిట్ట నోరు తెరిచే ఉంది, అందులోంచి మాట రావడం లేదు. అమ్మ తలుపు తీసుకుని దిగింది. పిట్ట కూడా తలుపు మీద చెయ్యి వేసింది.

"దిగకు! లోపలే కూర్చో!"

అంత గట్టిగా అమ్మ అరవడం పిట్ట ఎప్పుడూ వినలేదు. అద్దం మీద వాన నీళ్ళు కారుతున్నాయి. వాటి వెనక అమ్మ ఆకారం కారు ముందుకి వెళ్ళి, పక్కకి నడిచి, వంగింది. లేచింది. అలాగే నిలబడిపోయింది. ఎంతసేపో తెలీదు. తర్వాత ఇటు వచ్చి డ్రైవరు తలుపు తీసింది.

"అటు జరుగు."

"ఏంటమ్మా?"

"కుక్క."

"చచ్చిపోయిందా?"

"లేదు. లేచి వెళ్ళిపోయింది."

"మరి ఆ చప్పుడు..."

"కుక్కే అంటున్నానా!"

అమ్మ గేరు వేస్తే కరకరమంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వేస్తే అలా అంటుంది. అమ్మ చేతిలో ఎప్పుడూ అనలేదు. కారు వెనక్కి వెళ్ళింది. "నీ బెల్టు సరిగ్గా పడలేదు, చూసుకో" అంది అమ్మ. పిట్ట తల వంచి బెల్టు చూసుకుంది. సరిగ్గానే ఉంది. "ఇంకోసారి చూడు" అంది అమ్మ. పిట్ట మళ్ళీ వంగింది. తల ఎత్తేసరికి పెద్ద రోడ్డు మీద ఉన్నారు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే స్నానం చేసింది. అన్నం వడ్డించి తను తినలేదు. పిట్టని దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "నీకు బండి ఇస్తున్నానని ఎవరికైనా తెలిస్తే మన స్కూలు మూసేయిస్తారు. నోరు జారకు" అంది. పిట్ట తల ఊపింది. పడుకున్నాక కళ్ళు మూసుకుని ఆ కుక్కని తయారుచేసుకుంది. గోధుమరంగు కుక్క. ఒక చెవి వేలాడుతోంది. కుంటుకుంటూ లేచి, వెనక్కి చూసి, గడ్డిలోకి పోయింది. ఇనప చప్పుడు మాత్రం ఎక్కడ పెట్టాలో తెలీలేదు. దాన్ని వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ కారుని మామయ్య షెడ్డుకి తీసుకెళ్ళింది. పిట్టని కూడా బడిబట్టలతోనే ఎక్కించుకుంది. మామయ్య మాటకారి. ఏ కారు వచ్చినా దాంతో ముందు మాట్లాడతాడు. "ఏం తల్లీ, ఎవరు కొట్టారు? చెప్పు, వాళ్ళ సంగతి చూద్దాం" అంటాడు. ఆ రోజు కూడా పళ్ళు తోముకుంటూ వచ్చి, పగిలిన లైటు, సొట్టపోయిన బానెట్టు చూసి, "అక్కా, ఊరందరికీ ఆపడం నేర్పి నువ్వే గుద్దేశావా!" అని నవ్వాడు.

"గేటు స్తంభం తగిలింది" అంది అమ్మ.

అదే క్షణంలో పిట్ట వెనకనుంచి, "కుక్క మామయ్యా" అంది.

మామయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. నోరు పుక్కిలించి ఉమ్మి, కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. బంపరు మీద వేలు పెట్టి రాశాడు. తెల్లరంగు మీద ఎర్రగా ఒక చార ఉంది. గోటితో గీకితే లేచింది.

"కుక్కలకి ఎర్రరంగు ఎవరెయ్యించారక్కా?" అన్నాడు.

నవ్వుతూనే మొదలుపెట్టాడు. కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.  మామయ్య లేచి, షెడ్డు తలుపు సగం దించాడు. గుడ్డ మీద థిన్నర్ పోసి ఆ చార తుడవడం మొదలుపెట్టాడు. ఘాటు వాసన ముక్కుకి కొట్టింది. ఎరుపు గుడ్డకి అంటుకుంటోంది. పిట్ట చూస్తూ నిలబడింది.

"కోడలా, నువ్వు బడికెళ్ళమ్మా" అన్నాడు మామయ్య. ఎప్పుడూ 'ఏమే కోడలా' అనేవాడు.

బళ్ళో పిట్ట పక్కసీటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చునే పిల్లకి సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. అందుకని సోడాబుడ్డి అనేవాళ్ళు. పిట్ట మాత్రం సోడా అని ముద్దుగా పిలిచేది. పిట్ట ఎంత బుర్ర తిన్నా విసుక్కోని మనిషి లోకంలో సోడా ఒక్కతే. వాళ్ళ నాన్న ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వెనక సామాను పెట్టె కట్టుకుని మోపెడ్ మీద ఊరంతా తిరుగుతుంటాడు.

హాజరు వేశాక క్లాసు మేడమ్ కళ్ళజోడు తీసి, ఆ ఖాళీ సీటు వైపు చూస్తూ చెప్పింది. "మీ స్నేహితురాలి వాళ్ళ నాన్నగారిని నిన్న సాయంత్రం ఎవరో కారుతో గుద్ది వెళ్ళిపోయారు. వానలో మోపెడ్ ఆగిపోతే తోసుకుంటూ వస్తున్నారట. చాలాసేపటి దాకా ఎవరూ చూడలేదట. ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాలేదు. అందరూ కళ్ళు మూసుకుని ఆయన కోసం ఒక్క నిమిషం తలుచుకోండి."

ఆ మోపెడ్ రంగేంటో పిట్టకి తెలుసు. బడి గేటు దగ్గర ఎన్నిసార్లో చూసింది. దాని మీద సోడాతో కలిసి ఎక్కింది కూడా. అందరూ కళ్ళు మూసుకున్నారు. పిట్ట మూసుకోలేకపోయింది. మూసుకుంటే ఆ ఇనప చప్పుడు వినిపిస్తోంది. స్పానర్లు. అవి స్పానర్లు.  

ఆ రోజు నుంచి బడి గంట కొట్టేసరికి అమ్మ గేటు దగ్గర ఉండేది. ఇదివరకు ఎప్పుడూ రాలేదు. నడిచే వచ్చేది. కారు షెడ్డులోనే ఉంది. పిట్ట అడిగి అడిగి మానేసిన బూట్లు కొనిపెట్టింది. దారిలో చెయ్యి పట్టుకుని, "ఇవాళ ఎవరెవరితో మాట్లాడావు? ఏం మాట్లాడావు?" అని అడిగేది. ఏం మాట్లాడలేదని పిట్ట చెబితే, "అదేంటి, నువ్వు మాట్లాడకపోతే జనం అనుమానపడరూ?" అనేది. ఇంటి ముందు ఏ బండి ఆగినా తల్లీకూతుళ్ళు ఇద్దరూ కదలకుండా ఉండిపోయేవాళ్ళు. బండి వెళ్ళిపోయాక ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. పోలీసులు షెడ్డులన్నీ తిరిగి తెల్లకార్ల గురించి అడుగుతున్నారని మామయ్య వచ్చి చెప్పాడు. తన దగ్గరికీ వచ్చారట. "మా అక్క కారే, గేటుకి గుద్దింది అన్నాను. కప్పు టీ తాగి వెళ్ళిపోయారు" అన్నాడు. ఆ మాట చెప్పి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఒకటి మాత్రం పిట్ట అమ్మని అడగలేదు. అడిగితే అమ్మ ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఏం చెప్పినా దాని తర్వాత ఇల్లు ఇల్లులా ఉండదని తోచింది.

వారం తిరక్కుండానే సోడా బడికొచ్చింది. కళ్ళద్దాల వెనక కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ మొహంలో ప్రాణం ఉంది.

"మా నాన్నకి మెలకువొచ్చిందే! మాట్లాడుతున్నాడు. తుంటి ఎముక విరిగింది, కాలికి బరువులు కట్టారు. కానీ అన్నీ గుర్తున్నాయి."

"అన్నీనా?" అంది పిట్ట.

"ఆఁ. కారు ఆగిందటే. ఆగకుండా పోయారని అందరూ అనుకుంటున్నారు కదా, అది కాదు. ఆడమనిషి దిగిందట, మసకలో మొహం ఆనలేదట. కార్లో ఇంకెవరో ఉన్నారట కూడా. వాళ్ళతో 'దిగకు, లోపలే కూర్చో' అని అరిచిందట. ఎవరితో అనుంటుందంటావు?"

పిట్ట పెన్ను మూత పెడుతోంది. మూత పట్టడం లేదు.

"చిన్నపిల్లలెవరైనా అయ్యుంటారు" అంది సోడా. "పెద్దవాళ్ళతో అలా మాట్లాడరు కదా. ఆ చిన్నపిల్లయినా దిగుంటే బాగుండేదే. మా నాన్న అంతసేపు వానలో పడుండేవాడు కాదు."

ఆ సాయంత్రం అమ్మ వంటగదిలో ఉంది. పిట్ట గుమ్మంలో నిలబడి, వెనక తలుపుచెక్కని పట్టుకుని అడిగింది.

"అమ్మా. అది కుక్క కాదు కదా."

అమ్మ పొయ్యి కట్టేసింది. వచ్చి, వంటింటి తలుపు వేసి, పిట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు భుజాలూ పట్టుకుంది. ఎవరో నేర్చుకునేవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడింది.

"స్టీరింగు ఎవరి చేతుల్లో ఉంది?"

పిట్ట తన అరచేతులు చూసుకుంది.

"చెప్పు. ఎవరి చేతుల్లో ఉంది?"

"నా చేతుల్లో."

"ఎదర చూడకుండా పక్కకి చూసిందెవరు?"

"నేను."

"మరి పోలీసులొస్తే ఎవర్ని తీసుకెళ్తారు? నన్నేం చేస్తారన్నది తర్వాత సంగతి. నిన్ను తీసుకెళ్ళి, తప్పులు చేసిన పిల్లల్ని పెట్టే చోట పెడతారు. తలుపులకి బయటనుంచి తాళాలేస్తారక్కడ. నేను రావాలన్నా రానివ్వరు. తర్వాత మీ నాన్న దగ్గరికి పంపేస్తారు, మళ్ళీ నా మొహం కూడా చూడవు. అర్థమైందా? నేను ఇదంతా చేస్తున్నది ఎవరి కోసం? నీ కోసం."

అమ్మ వేళ్ళు భుజాల్లోకి దిగిపోతున్నాయి. అమ్మ కళ్ళు మాత్రం పిట్టని చూడటం లేదు, పిట్ట నోటిని చూస్తున్నాయి. అందులోంచి ఏం బయటికి వస్తుందో అన్నట్టు.

"అర్థమైంది" అంది పిట్ట.

ఆ మర్నాడు పొద్దున లేచేసరికి పక్క తడిసి ఉంది. ఎప్పుడో ఊహ తెలియని రోజుల్లో ఆగిపోయిన అలవాటు. సిగ్గుతో మూల నిలబడింది. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా దుప్పటి తీసుకెళ్ళి ఉతికి ఆరేసింది. అరిచినా బాగుండేదేమో. తర్వాత కూడా రెండు మూడు సార్లు అలాగే అయింది.

అప్పట్నుంచీ పిట్టకి పోలీసులంటే ఉన్న భయం కన్నా అమ్మంటే భయం ఎక్కువైంది. అమ్మ తల దువ్వుతుంటే మెడ బిగిసిపోయేది. అమ్మ గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేది. స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, నీళ్ళు వదిలి, ఊరికే గోడకి ఆనుకుని కూర్చునేది. బయటనుంచి "పిట్టా, ఏం చేస్తున్నావు?" అని అమ్మ గొంతు వచ్చేది. ఆ గొంతులోనూ భయమే ఉందని ఆ వయసులో తెలీలేదు. ఎవరైనా పెద్దవాళ్ళకి చెప్పుకుందామంటే తనకున్న పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు అమ్మ. ఇంకొకరు ఆ ఎర్రచారని తుడిచిన మామయ్య.

ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక సోడా చెయ్యి పట్టుకుని లాగింది.

"పదవే, ఆస్పత్రికి. నిన్ను తీసుకురమ్మని మా నాన్న రోజూ గొడవ. పడుకుని పడుకుని పిచ్చెక్కుతోందట. ఆ వసపిట్టని తెచ్చి పక్కన కూర్చోబెట్టండి, రేడియో పెట్టినట్టుంటుంది అంటున్నాడు."

గేటు దగ్గర అమ్మ ఇంకా రాలేదు. పిట్ట వద్దనడానికి కారణం వెతికింది. ఏదీ దొరకలేదు. కాళ్ళు సోడా వెంట నడిచాయి.

వార్డు పొడుగ్గా ఉంది. కిటికీ పక్క మంచం మీద ఆయన పడుకుని ఉన్నాడు. కాలు పైకి ఎత్తి, తాడుకి ఇనప బరువులు వేలాడదీశారు. గడ్డం కింద కుట్లు. సోడా వాళ్ళమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని పండు కోస్తోంది. పిట్టని చూసి ఆయన మొహం వెలిగింది.

"వచ్చిందమ్మా రేడియో! రా తల్లీ, కూర్చో. ఏంటీ, నాలుగు రోజులు చూడకపోతే సగమైపోయావు? పిల్లకి ఆ పండు పెట్టవే."

పిట్ట కూర్చుంది. పండు ముక్క చేతిలో పట్టుకుంది.

"ఏదో ఒకటి చెప్పమ్మా. లెక్కల మేడమ్ ఇంకా చెవులు ఊపుతోందా?"

ఆయన ఎదురుచూస్తున్నాడు. సోడా నవ్వడానికి సిద్ధంగా ఉంది. పిట్ట నోరు తెరిచింది. చెవుల సంగతే చెప్పాలనుకుంది. ఒట్టేసి చెప్పొచ్చు, అదే చెప్పాలనుకుంది.

"దిగకు అన్నది మా అమ్మ, బాబాయ్" అంది. "నాతోనే అంది. నేనే... స్టీరింగు నేను పట్టుకున్నాను."

చాకు పళ్ళెంలో పడింది. పక్క మంచం మీది ముసలాయన ఇటు తిరిగాడు. సోడా మొహం మీద నవ్వు ఇంకా పోలేదు, దాన్ని తీసెయ్యడం మర్చిపోయినట్టు అలాగే ఉంది.

ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. పిట్ట ఆయన అరుస్తాడని చూసింది. కొట్టినా బాగుండుననుకుంది. ఆయన మెల్లగా ఒకటే అడిగాడు.

"మీ అమ్మ నన్ను చూసింది కదమ్మా? నేను కళ్ళు తెరిచే ఉన్నాను. చెయ్యి కూడా ఎత్తాను. మసకచీకటికి కనబడలేదేమోనని అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. అందుకే అడుగుతున్నా. చూసిందా?"

వాన నీళ్ళు కారే అద్దం. దాని వెనక వంగిన అమ్మ. లేచి, అలాగే నిలబడిపోయిన అమ్మ. అంతసేపు నిలబడింది ఎందుకో పిట్టకి అప్పుడు తెలిసింది. 

"చూసింది" అంది.

సోడా వాళ్ళమ్మ లేచింది.  "వెళ్ళిపో" అంది. "నా కళ్ళ ముందు ఉండకు. పో!" పిట్ట పండు ముక్కని ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకుని పరిగెత్తింది. మెట్ల మీద ఒకసారి వెనక్కి చూసింది. సోడా రాలేదు.

ఇంటికి వెళ్ళే ధైర్యం లేదు. ఇంటి వీధి మలుపు దాకా వెళ్ళి, గుమ్మంలో అటూ ఇటూ చూస్తున్న అమ్మని చూసి, గోడ చాటు నుంచి వెనక్కి తిరిగింది. షెడ్డుకి వెళ్ళింది. మామయ్య రేకు ముక్కతో ఒక వ్యాను సొట్టల మీద లప్పం రాస్తున్నాడు. పిట్ట మొహం చూసి రేకు ముక్క కింద పెట్టేశాడు.

"చెప్పేశాను మామయ్యా" అంది పిట్ట. "ఆయనకే చెప్పేశాను."

మామయ్య అలాగే నేల మీద కూలబడ్డాడు. తిట్టలేదు. "నాక్కూడా నిద్ర లేదే" అన్నాడు.

అంతలోనే గేటు చప్పుడైంది. "పిట్ట ఇక్కడికొచ్చిందా?" అమ్మ గొంతు.  పిట్ట వ్యాను వెనక్కి దూరింది. మామయ్య లేచి దానికి అడ్డంగా నిలబడ్డాడు. అమ్మ లోపలికి వచ్చి, "పిట్టా, బయటికి రా. బడి దగ్గర లేవు. ఎక్కడికెళ్ళావు? ఎవరితో మాట్లాడావు?" అంటూ ఇటు వస్తోంది. పిట్ట మామయ్య చొక్కా వెనకనుంచి పట్టుకుని, మొహం ఆయన వీపుకి దాచుకుంది. "రానివ్వకు మామయ్యా" అంది. "అమ్మని రానివ్వకు."

అమ్మ అడుగులు ఆగిపోయాయి.

 పిట్ట ఒక కన్నుతో చూసింది. అమ్మ చెయ్యి ముందుకి చాపి ఉంది. ఆ చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటోంది.

"నన్ను చూసి దాక్కుంటోందారా?" అని అడిగింది తమ్ముణ్ణి.

"అవునక్కా" అన్నాడు మామయ్య. "ఎప్పట్నుంచో దాక్కుంటోంది. నీకే కనబడలేదు."

అమ్మ అక్కడున్న నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, "పద" అంది. ఎవరితో అన్నదో తెలీలేదు. ముగ్గురూ నడిచే వెళ్ళారు. అమ్మ ముందు, మామయ్య వెనక, ఆయన చెయ్యి పట్టుకుని పిట్ట. పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంటే పిట్ట మామయ్య చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తలుపులకి తాళాలున్నాయేమోనని చూసింది.

లోపల కుర్చీలో ఒక పోలీసావిడ ఉంది. అమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"లైసెన్సు లేని పిల్ల చేతికి స్టీరింగు ఇచ్చింది నేను. బ్రేకు నా కాలి కింద ఉంది. నేను ఫోను చూస్తున్నాను. మనిషిని దగ్గర్నుంచి చూశాను. చెయ్యి ఎత్తాడు. చూసి, వదిలేసి వచ్చాను. పిల్లకి కుక్క అని చెప్పాను. తర్వాత, నీదే తప్పని చెప్పి బెదిరించాను."

 పోలీసావిడ పిట్ట వైపు తిరిగి, మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపి, "నిన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరమ్మా. జరిగింది నీ మాటల్లో చెప్పు" అంది. పిట్ట చెప్పింది. చిన్నప్పట్నుంచీ అన్ని మాటలు మాట్లాడింది గానీ, అంత కష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

పిట్టని ఏ తాళాల వెనకా పెట్టలేదు. నాన్న కబురు విని ఫోన్ చేశాడు, రమ్మని మాత్రం అనలేదు. మామయ్యని కొన్నాళ్ళు స్టేషన్ చుట్టూ తిప్పి, మందలించి వదిలేశారు. అమ్మకి కొన్ని నెలల జైలుశిక్ష పడింది. నేర్పే లైసెన్సు తీసేశారు. కారు, ముందుగది అన్నీ పోయాయి. పిట్ట షెడ్డు పైన గదిలో మామయ్యతో ఉంది. మొదట్లో ఊళ్ళో చాలా మాటలు వినాల్సొచ్చింది. కారు హారన్ వినిపిస్తే పుస్తకం చేతిలోంచి జారిపోయేది. పక్క తడవడం మాత్రం మెల్లగా ఆగిపోయింది.

ఫ్రిజ్‌ల బాబాయ్ చేతికర్రతో నడుస్తూ మళ్ళీ పనిలోకి దిగాడు. బరువులెత్తలేడు. ఒకసారి బజార్లో ఎదురుపడి, తలాడించి, వెళ్ళిపోయాడు. సోడా వేరే బెంచీకి మారింది. తిట్టలేదు, ఎవరితోనూ చెడ్డగా చెప్పలేదు, మాట్లాడలేదు కూడా. మెట్ల మీద ఎదురైతే గోడవైపు ఒదిగి దారి ఇచ్చేది, ముసలివాళ్ళకి ఇచ్చినట్టు. పిట్టకి అదే అన్నిటికన్నా ఎక్కువ బాధగా ఉండేది.

చలికాలం పోయాక అమ్మ తిరిగొచ్చింది. చిక్కిపోయి ఉంది. మామయ్య షెడ్డులోనే లప్పం రాసిన చోట్ల గరుకు కాగితంతో రుద్దే పనికి కుదురుకుంది. ఎవరైనా కారు కొంచెం ముందుకి జరపమంటే, తమ్ముణ్ణి పిలిచేది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లపొడి ఉండేది. పిట్టతో జాగ్రత్తగా మాట్లాడేది. గదిలోకి వచ్చేముందు గుమ్మంలో ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకుని, అప్పుడు వచ్చేది.

ఒకరోజు భోజనాలయ్యాక గిన్నెలు తోముతూ, అటు తిరిగే అడిగింది.

"పిట్టా. నేనంటే ఇంకా భయమేనా?"

పిట్ట తుడిచిన పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పెడుతోంది.  అమ్మ కుళాయి కట్టేసి జవాబు కోసం ఆగింది.

"లేదమ్మా" అంది పిట్ట. "ఎప్పుడో పోయింది."

"సరే" అంది అమ్మ. మళ్ళీ కుళాయి తిప్పింది. పిట్ట మిగతా పళ్ళేలు తుడిచి, చేతులు తుడుచుకుని, తన పక్క వేసుకోవడానికి వెళ్ళింది.